మందుల కౌంటరు ముందు మొదలైన హక్కు



చిత్తోర్‌గఢ్ అనగానే ఎవరికైనా కోట గుర్తొస్తుంది. రాణి పద్మిని గుర్తొస్తుంది. మీరాబాయి గుర్తొస్తుంది. రాజస్థాన్ చూడబోయిన తెలుగువాళ్ళు చాలామంది ఆ కోట ఎక్కే వస్తారు. ఇవాళ చెప్పుకోబోయేది మాత్రం కోట మీది సంగతి కాదు, కోట కిందిది. కింద ఊళ్ళో సహకార సంఘం నడిపిన ఒక మందుల షాపు సంగతి. ఇందులో కత్తులూ లేవు, గుర్రాలూ లేవు. అయినా రాజస్థాన్‌లో మామూలు మనిషి బతుకును ఇంతగా తాకిన కథ ఇటీవలి కాలంలో ఇంకొకటి వెతకడం కష్టం.

ముందుగా ఒక్క లెక్క. ఒక్కటే, భయపడకండి. 2013-14లో ఈ దేశంలో వైద్యం మీద అందరూ కలిసి పెట్టిన ఖర్చు వంద రూపాయలనుకుంటే, అందులో 64 రూపాయలు జనం సొంత జేబులోంచి తీసినవే. ప్రభుత్వం, బీమా కంపెనీలు, మిగతావాళ్ళందరూ కలిసి పెట్టింది 36 రూపాయలే. తర్వాత ఈ వాటా తగ్గుతూ వచ్చింది. 2021-22 నాటికి జేబు ఖర్చు 39 రూపాయలకు దిగిందని ప్రభుత్వ లెక్క చెబుతోంది. తగ్గిన మాట మంచిదే. కానీ ఆ 39 రూపాయలు ఎవరివి? అప్పు చేసి తెచ్చినవాళ్ళవి కూడా అందులో ఉన్నాయి.

మరి జేబులోంచి పోయే ఆ డబ్బు దేనికి పోతోంది? పెద్ద పెద్ద ఆపరేషన్లకు అనుకుంటాం. కాదు. అన్నిటికంటే పెద్ద వాటా మందులది. ఆపరేషన్ ఒకసారి వస్తుంది. మందు ప్రతి నెలా వస్తుంది. షుగరు ఉన్న పెద్దాయనకు మెట్‌ఫార్మిన్, బీపీ ఉన్న పెద్దమ్మకు అమ్లోడిపిన్. ఈ నెల కొన్నారు, వచ్చే నెలా కొనాలి. బతికున్నంత కాలం కొనాలి. చేతిలో డబ్బు తక్కువైన నెలలో ఏం చేస్తారో మీకు తెలిసిందే. రోజూ వేసుకోవాల్సిన మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటారు. కొన్నాళ్ళకు అదీ మానేస్తారు. ఆ తర్వాత ఒకరోజు పక్షవాతంతోనో కిడ్నీ పాడైపోయో పెద్దాస్పత్రికి వస్తారు. అప్పుడు ఆరోగ్య కార్డు పనికొస్తుంది. ఆ రోజు దాకా రాకుండా ఆపగలిగిన రోజువారీ మాత్రకు మాత్రం కార్డు పెద్దగా పనికిరాదు.

ఇంతకీ మందు ఎందుకంత ఖరీదు? తయారు చేయడం కష్టమా? అదేం కాదు. మందులు తయారు చేయడంలో మన దేశం ఆరితేరింది. అందులో హైదరాబాద్ పాత్ర తక్కువేమీ కాదు. 1960లలో బాలానగర్ దగ్గర ప్రభుత్వరంగంలో ఐడీపీఎల్ ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ పని నేర్చుకుని బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టినవారిలో కల్లం అంజిరెడ్డి ఒకరు. 1970 నాటి పేటెంట్ల చట్టం వల్ల ఇలాంటి కంపెనీలకు దారి తెరుచుకుంది. జీడిమెట్ల, బొల్లారం వైపు వెళ్తే ఇప్పటికీ మందుల ఫ్యాక్టరీలు వరసగా కనిపిస్తాయి. అక్కడ తయారైన సరుకు ప్రపంచమంతా తిరుగుతుంది. తయారీ దగ్గర చవకే. రోగి చేతికి వచ్చేసరికే ఖరీదు.

మధ్యలో ఏం జరుగుతుందో చూడండి. వంకాయలు ధర ఎక్కువైతే బెండకాయలు తీసుకుంటాం. మందుల దగ్గర ఆ వీలు లేదు. చీటీ మీద ఏది రాస్తే అదే కొనాలి. రాసేది డాక్టరు, అమ్మేది షాపు, డబ్బు కట్టేది రోగి. చీటీ మీద మందు అసలు పేరు ఉండదు, కంపెనీ పెట్టుకున్న పేరు ఉంటుంది. లోపలున్నది అదే పారాసిటమాల్. పైన పేరు మారితే ధర మారుతుంది. కంపెనీ షాపుకు ఇచ్చే ధర ఒకటి, స్ట్రిప్పు మీద ముద్రించే ఎమ్మార్పీ ఇంకొకటి. కొన్ని మందుల్లో ఈ రెంటికీ మధ్య తేడా పది రెట్లు కూడా ఉంటుంది. ఆ తేడా ఎవరెవరి మధ్య పంపిణీ అవుతుందో రోగికి తెలియదు. ఎమ్మార్పీలో కొంచెం తగ్గించి ఇస్తే, షాపువాడు మంచివాడనుకుని సంతోషంగా ఇంటికి పోతాడు.

చిత్తోర్‌గఢ్‌లో పట్టుకున్నది సరిగ్గా ఈ తేడానే. 2009 ప్రాంతంలో అక్కడ కలెక్టరుగా సమిత్ శర్మ అనే ఐఏఎస్ అధికారి పనిచేశారు. ఆయన చదువుకు డాక్టరు, పిల్లల వైద్యం చదివినవారు. చీటీ వెనక ఏముంటుందో లోపలినుంచి తెలిసిన మనిషి. ప్రభుత్వ డాక్టర్లను మందు అసలు పేరే రాయమన్నారు. సహకార సంఘాల షాపుల్లో అవే మందులు టెండరు ధర మీద కొద్దిపాటి లాభంతో అమ్మించారు. ధరల తేడాను జనం ముందు పెట్టారు. బయట వందల్లో కొనే మందు ఇక్కడ పదుల్లో దొరుకుతోందని జనం కళ్ళారా చూశారు. తర్వాత ఆమిర్ ఖాన్ 'సత్యమేవ జయతే' టీవీ కార్యక్రమంలో 2012 మేలో ఈ సంగతి దేశమంతా విన్నది. శ్రోతల్లో కొందరు ఆ రోజు టీవీ చూసే ఉంటారు.

టీవీలో కనిపించేది ఒక మనిషి. టీవీలో కనిపించనివాళ్ళు ఇంకొందరున్నారు. ఈ ప్రసంగానికి వాళ్ళే ముఖ్యం.

అప్పట్లో ఆ జిల్లాలోనే ఉన్న ప్రతాప్‌గఢ్ వైపు, ఆదివాసీ పల్లెల మధ్య దేవ్‌గఢ్ అనే ఊళ్ళో 1979లో 'ప్రయాస్' అనే సంస్థ మొదలైంది. డాక్టర్ నరేంద్ర గుప్తా వంటివారు దశాబ్దాలుగా అందులో పనిచేశారు. మలేరియా వస్తే ఎవరు మందిస్తారు, కాన్పుకు ఎవరు వస్తారు, ఆస్పత్రిలో మందుల అలమరా ఎందుకు ఖాళీగా ఉంది, ఇవీ వాళ్ళ ప్రశ్నలు. పక్క రాష్ట్రం గుజరాత్‌లో, వడోదరలో లోకాస్ట్ అనే సంస్థ 1983 నుంచి తక్కువ ధరకు మంచి మందులు తయారు చేసి చూపిస్తూ వచ్చింది. అంటే చవకగా చేయొచ్చని నోటిమాటగా చెప్పడం కాదు, చేసి చూపించారు. ఆధారం చేతిలో పెట్టుకుని మాట్లాడారు. కలెక్టరు వచ్చేనాటికి నేల దున్ని సిద్ధంగా ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కలెక్టరు ఎన్నాళ్ళుంటారు? రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. బదిలీ ఉత్తర్వు వస్తే పెట్టె సర్దుకోవాల్సిందే. కొత్తగా వచ్చినవారికి వేరే పనులు ముఖ్యం కావచ్చు. జిల్లాలో వచ్చిన మంచి మార్పు జిల్లాలోనే ఆవిరైపోయిన ఉదాహరణలు ఈ దేశంలో కొల్లలు. అందుకే ప్రజా సంఘాలు జిల్లా దగ్గర ఆగలేదు, ఢిల్లీ దాకా పరిగెత్తనూ లేదు. జైపూర్ వెళ్ళాయి. ఎందుకంటే రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. ఈ మాట మళ్ళీ చెప్పుకోవాలి. ఆస్పత్రి రాష్ట్రం పని. డాక్టరును నియమించేది రాష్ట్రం. ప్రభుత్వ ఆస్పత్రికి మందులు కొనేది రాష్ట్రం. మందు లేదంటే అడగాల్సిన మొదటి గుమ్మం రాష్ట్ర రాజధానిలో ఉంది.

రాజస్థాన్ జనానికి అడగడం కొత్త కాదు. లెక్క అడగడం అంతకన్నా కొత్త కాదు. 1990లో దేవ్‌డూంగ్రీ అనే చిన్న ఊరు కేంద్రంగా మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పుట్టింది. అరుణా రాయ్, ఆమె సహచరులు, ఊరి కూలీలు కలిసి పెట్టుకున్న సంఘం అది. కరువు పనుల్లో తమకు కూలి ఎగ్గొట్టారని కూలీలు అనేవారు. ఇచ్చేశాం, కాగితాల్లో ఉందని అధికారులనేవారు. ఐతే ఆ కాగితం చూపించండి అని అడిగారు. 1994 డిసెంబరులో కోట్ కిరాణా ఊళ్ళో మొదటి జన్ సున్వాయి, అంటే బహిరంగ విచారణ, జరిగింది. కూలీల హాజరు రాసే మస్టరు రోలు ఊరందరి ముందూ గట్టిగా చదివారు. పని చేయనివాళ్ళ పేర్లు, ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు బయటికొచ్చాయి. 1996లో బ్యావర్ పట్టణం నడిబొడ్డున 40 రోజులు ధర్నా చేశారు. సమాచార హక్కు చట్టానికి వేళ్ళు అక్కడున్నాయి.

మస్టరు రోలు చదవడం నేర్చుకున్నవాళ్ళకు మందుల రిజిస్టరు చదవడం ఏమంత కష్టం? ఎన్ని మాత్రలొచ్చాయి, ఎన్ని పంచారు, ఎన్ని గడువు తీరి పారేశారు. ఊరి వాళ్ళు అడిగింది ఇంతే. దేశవ్యాప్తంగా కూడా ఇదే పద్ధతి నడిచింది. 2000 సంవత్సరానికల్లా అందరికీ ఆరోగ్యం అని 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు మాటిచ్చాయి. 2000 వచ్చింది, ఆరోగ్యం రాలేదు. ఆ ఏడాది చివర వేలమంది రైళ్ళెక్కి కోల్‌కతా చేరి ప్రజారోగ్య సభ జరుపుకున్నారు. జన్ స్వాస్థ్య అభియాన్ అలా పుట్టింది. 2004లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌తో కలిసి దేశం నలుమూలలా ఆరోగ్య హక్కుపై బహిరంగ విచారణలు పెట్టించారు. వైద్యం అందక నష్టపోయినవాళ్ళు అధికారుల ముందు నిలబడి, తమకు జరిగింది తామే చెప్పారు.

ఇలా కొన్నేళ్ళ ఒత్తిడి, ఒక జిల్లాలో కళ్ళారా చూసిన ఫలితం. ఈ రెండూ కలిశాక జైపూర్ కదిలింది. 2011 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజున, ముఖ్యమంత్రి అశోక్ గహ్లోత్ ప్రభుత్వం ఉచిత మందుల పథకం మొదలుపెట్టింది. చిత్తోర్‌గఢ్‌లో తక్కువ ధరకు అమ్మారు. ఇప్పుడు అసలు డబ్బే తీసుకోరు. తెల్ల కార్డు ఉందా, ఆదాయం ఎంత అని అడగరు. ప్రభుత్వాస్పత్రికి ఎవరొచ్చినా సరే, చీటీలో రాసిన మందు జాబితాలో ఉంటే కౌంటరు దగ్గర ఉచితంగా ఇస్తారు. 2013 ఏప్రిల్ 7న, ప్రపంచ ఆరోగ్య దినం నాడు, రక్త పరీక్షల వంటివి కూడా ఉచితం చేశారు.

ఉచితం అని ప్రకటించడం తేలిక. కౌంటరులో మందు ఉండేలా చూడడం కష్టం. మందు ఎలా వస్తుందో కాస్త ఓపికగా వినండి, ఎందుకంటే అసలు పని ఇక్కడే ఉంది.

దీనికి దారి చూపింది తమిళనాడు. 1994లో అక్కడ మందుల కొనుగోలుకు ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ పెట్టారు. అంతకుముందు ఏ శాఖకు ఆ శాఖ, ఏ ఆస్పత్రికి ఆ ఆస్పత్రి ఎవరికి తోచినట్టు వారు కొనేవారు. కార్పొరేషన్ వచ్చాక నిజంగా అవసరమైన మందుల జాబితా ఒకటి తయారైంది. రాష్ట్రమంతటికీ కలిపి ఒకే టెండరు. ఒక్కసారిగా కోట్ల మాత్రలు కొంటామంటే కంపెనీ ధర దించకేం చేస్తుంది? సరుకు జిల్లా గోదాములకు వస్తుంది. అక్కడినుంచి నమూనాలు తీసి, కంపెనీ పేరు కనిపించకుండా చేసి, పరీక్షకు పంపుతారు. ల్యాబువాళ్ళకు అది ఎవరి మందో తెలియదు. పాసైతేనే ఆస్పత్రికి వెళ్తుంది. ప్రతి ఆస్పత్రికీ బ్యాంకు ఖాతా పుస్తకంలా ఒక పాస్‌బుక్కు ఉంటుంది. మీ వాటా ఇంత, ఇప్పటిదాకా తీసుకున్నది ఇంత, మిగిలింది ఇంత అని అందులో ఉంటుంది. స్ట్రిప్పు మీద ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు అని ముద్ర. దొంగతనంగా బయట అమ్మితే దొరికిపోతారు.

రాజస్థాన్ 2011లో ఇదే పద్ధతిలో తన కార్పొరేషన్ పెట్టుకుంది. దాన్ని నిలబెట్టే పని చిత్తోర్‌గఢ్ కలెక్టరుగా చేసిన సమిత్ శర్మకే అప్పగించారు. ప్రతి జిల్లాలో గోదాము, ఆస్పత్రుల్లో పంపిణీ కౌంటర్లు, స్టాకు చూపే కంప్యూటరు వ్యవస్థ వచ్చాయి. టెండరు తెరిస్తే చాలా మందులు ఎమ్మార్పీలో పదో వంతుకూ రాలేదు. ఈ మాటను మీరు గుర్తు పెట్టుకోవాలి. పదో వంతు. ప్రభుత్వం భరించలేనంత ఖరీదు పథకం అన్నవాళ్ళకు ఆ టెండరు కాగితాలే జవాబయ్యాయి. భరించలేని ధర షాపులో ఉంది, ఫ్యాక్టరీ దగ్గర లేదు.

ఫలితం ఆస్పత్రుల ముందు కనిపించింది. ఓపీ వరసలు పెరిగాయి. ఇన్నాళ్ళూ ప్రభుత్వాస్పత్రికి వెళ్ళి ఏం లాభం, చీటీ రాసి బయట కొనుక్కోమంటారు అని ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు బయటికొచ్చారు. అంటే ఇంతకాలం వాళ్ళకు జబ్బు లేక రాలేదని కాదు. మందు దొరకదని రాలేదు.

అన్నీ బాగున్నాయంటే అది ప్రచారం అవుతుంది. లోపాలున్నాయి. కొన్ని కౌంటర్లలో స్టాకు అయిపోయేది. గిరాకీని ముందుగా అంచనా వేయడంలో తప్పులు జరిగేవి. పరీక్షలో తప్పిన మందులూ ఉన్నాయి. వాటి కంపెనీలను నిషేధ జాబితాలో పెట్టారు. వరసలు పెరిగినంతగా డాక్టర్లు పెరగలేదు. చవక మందు పనిచేయదని కొందరు డాక్టర్లు రోగుల చెవిలో వేశారు. ఈ ప్రచారం తెలుగునాట కూడా బాగానే నడుస్తుంది. ఖరీదైన మందే మంచి మందు అనే నమ్మకం పోవాలంటే ఉపన్యాసాలు చాలవు. పరీక్షించిన మందు క్రమం తప్పకుండా దొరకాలి. దాన్ని వేసుకుని బీపీ తగ్గినవాడు పక్కింటాయనకు చెప్పాలి.

2013 చివర ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం పాతవారి పథకాన్ని ఎత్తేస్తుందేమో, కార్డున్న పేదలకే పరిమితం చేస్తుందేమో అని అనుమానాలు వచ్చాయి. ప్రజా సంఘాలు మళ్ళీ రోడ్డు మీదికొచ్చాయి. పథకం ఆగలేదు. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, కౌంటరు అలాగే ఉంది. రోజూ వేలమంది నిలబడే వరసను చెదరగొట్టడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలదు. రాష్ట్ర స్థాయిలో ఉద్యమించేవాళ్ళు నేర్చుకోదగ్గ కిటుకు ఇది. గెలిచినదాన్ని జనం రోజూ వాడుకునే వస్తువుగా మార్చాలి.

ఇదే రాజస్థాన్‌లో ఇంకో గెలుపు ఉంది. దాని కథ ఇంత బాగా లేదు.

దానికోసం కొంచెం వెనక్కి, పశ్చిమ బెంగాల్ వెళ్ళాలి. 1992 జులైలో ఒక రాత్రి మథురాపూర్ స్టేషన్లో ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి పడ్డాడు. తలకు పెద్ద గాయం. ముందు దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళారు. అక్కడ వసతి లేదన్నారు. తర్వాత ఒకదాని వెంట ఒకటిగా ప్రభుత్వాస్పత్రులు తిప్పారు. ఒకచోట మంచం ఖాళీ లేదు, ఇంకోచోట స్కానింగ్ లేదు. చివరికి ప్రైవేటు ఆస్పత్రిలో డబ్బు కట్టి బతికించుకున్నారు. అతని కూలీ సంఘం ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 మే 6న తీర్పు వచ్చింది. అప్పుడు బ్యావర్‌లో ధర్నా ఇంకా నడుస్తూనే ఉంది. అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు చెప్పింది. డబ్బుల్లేవని ప్రభుత్వం తప్పించుకోవడానికి వీల్లేదంది. అతనికి 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది.

తీర్పు గొప్పది. కానీ అర్ధరాత్రి గేటు దగ్గర నిలబడ్డ మనిషి సుప్రీంకోర్టు తీర్పు చూపించి లోపలికి పోలేడు. దానికి రాష్ట్ర చట్టం కావాలి. ఏ ఆస్పత్రి ఏం చేయాలో, చేయకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలో, ఖర్చు ఎవరిస్తారో రాసి ఉండాలి. రాజస్థాన్‌లో జన్ స్వాస్థ్య అభియాన్ ఆ చట్టం కోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టింది. 2018 శాసనసభ ఎన్నికల నాటికి కాంగ్రెస్ మేనిఫెస్టోలో అది హామీగా చేరింది. 2022 సెప్టెంబరులో బిల్లు సభకు వచ్చింది. విమర్శలు రావడంతో సెలెక్ట్ కమిటీకి వెళ్ళింది. 2023 మార్చి 21న సభ ఆమోదించింది. ఆరోగ్య హక్కు చట్టం చేసిన మొదటి రాష్ట్రం రాజస్థాన్.

ముందు డబ్బు కట్టమనకుండా అత్యవసర చికిత్స చేయాలి, రోగి కట్టలేకపోతే ఆ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. చట్టంలో ముఖ్యమైన మాట ఇది. ప్రైవేటు డాక్టర్లు భగ్గుమన్నారు. ఆస్పత్రులు మూసేశారు, ఊరేగింపులు తీశారు. రెండు వారాలకు పైగా రోగులు అల్లాడారు. డాక్టర్లది ఒట్టి స్వార్థం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. అత్యవసరం అంటే ఏది? గుండెపోటు అత్యవసరమే, మరి కాన్పు నొప్పులో? చిన్న నర్సింగ్ హోమ్‌కు తలగాయం కేసు వస్తే ఏం చేయాలి? డబ్బు ప్రభుత్వం ఇస్తుంది సరే, ఎప్పుడిస్తుంది? ఈ చివరి ప్రశ్న తెలుగు శ్రోతలకు బాగా అర్థమవుతుంది. ఆరోగ్యశ్రీ బకాయిలు రాలేదు, సేవలు ఆపేస్తాం అని నెట్‌వర్క్ ఆస్పత్రులు హెచ్చరించిన వార్తలు ఉభయ రాష్ట్రాల్లోనూ ఎన్నిసార్లు విన్నాం!

ఏప్రిల్ 4న ప్రభుత్వానికీ డాక్టర్లకూ ఒప్పందం కుదిరింది. 50 పడకల కంటే తక్కువున్న ప్రైవేటు ఆస్పత్రులకు మినహాయింపు. ప్రభుత్వం నుంచి భూమి, రాయితీ తీసుకోనివాటికీ మినహాయింపు. అంటే చిన్న పట్టణాల్లో ఉన్న ఆస్పత్రుల్లో చాలావరకు బయటికి వెళ్ళిపోయాయి. ఇక చట్టం అమలు కావాలంటే నియమావళి రాయాలి. ఆ ఏడాది చివర ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. తర్వాతి ఏడాది కూడా నియమావళి లేకుండానే గడిచిపోయింది. నియమావళి లేని చట్టం ఆస్పత్రి గేటు దగ్గర పనిచేయదు.

రెండు గెలుపుల మధ్య తేడా గమనించండి. మొదటిదాంట్లో గోదాము ఉంది, టెండరు ఉంది, కౌంటరు ఉంది, దానికి బడ్జెట్ ఉంది. అందుకే అది జనం అలవాటైపోయింది. రెండోదాంట్లో మాట పెద్దది, వెనక ఏర్పాటు చిన్నది. డాక్టర్లతో ముందే కూర్చుని, చెల్లింపు ఎన్ని రోజుల్లో, ఏ నిధి నుంచి అన్నది తేల్చుకుని ఉంటే సగం గొడవ ఉండేది కాదు. చట్టం కోసం పోరాడినవాళ్ళ మీద నింద వేయడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ళు ఈ పనిని ఇంకా వదల్లేదు. చెల్లింపు సంగతి ముందే తేల్చడం ప్రభుత్వం చేయాల్సిన పని, ప్రభుత్వం చేయలేదు.

ఇక మన ఇంటి సంగతి. పెద్ద జబ్బులకు ప్రభుత్వ ఖర్చుతో చికిత్స అనే విషయంలో తెలుగునేల ముందుంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. గుండె ఆపరేషన్ అంటే ఆస్తి అమ్ముకోవడమే అనుకున్న ఇళ్ళలో అది ప్రాణాలు నిలిపింది. అంతకుముందే, 2005 ఆగస్టు 15న, 108 అంబులెన్సు హైదరాబాద్ నుంచి బయల్దేరింది. 2018లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో ఉచిత పరీక్షలు వచ్చాయి. రెండు రాష్ట్రాల్లోనూ మందులు కొనే కార్పొరేషన్లు ఉన్నాయి. పేరుకు అన్నీ ఉన్నాయి. ఐనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, అంటే పీహెచ్‌సీలో, ఈ నెల షుగరు మాత్రలు వచ్చాయా లేదా అన్నది చాలా ఊళ్ళలో ఇంకా అదృష్టం మీదే ఆధారపడి ఉంది. ఆపరేషన్ కార్డు గురించి ఎన్నికల సభల్లో గంటలు గంటలు మాట్లాడతారు. పీహెచ్‌సీ మందుల అలమరా గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి.

కాబట్టి మీరు అడగండి. మీ పీహెచ్‌సీలో ఉండాల్సిన మందుల జాబితా ఏమిటి, ఇవాళ ఎన్ని ఉన్నాయి, గత మూడు నెలల్లో ఏయే మందు ఎన్ని రోజులు లేదు. ఈ మూడు ప్రశ్నలు ఒక తెల్ల కాగితం మీద రాయండి. మళ్ళీ చెబుతున్నాం, మూడే ప్రశ్నలు. ఉండాల్సినవి ఏవి, ఉన్నవి ఎన్ని, లేనిది ఎన్ని రోజులు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో ఫీజే లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ఆ జవాబు గ్రామసభలో గట్టిగా చదవండి. చదివాక ఒక ప్రతి మీ ఎమ్మెల్యేకు ఇచ్చి, వచ్చే శాసనసభ సమావేశాల్లో ఆరోగ్య మంత్రిని ఈ ప్రశ్నలు అడగమని కోరండి.